షాదీఖానా తాళంచెవి ఎవరి జేబులో ఉంది?



పోయిన నెల మా మొహల్లాలో ఒక మీటింగ్ అయింది. విషయం చిన్నదే. షాదీఖానా హాలు ఖాళీగా ఉండే రోజుల్లో వారానికి ఒక్క రోజు మాకివ్వండి, ఇళ్ళల్లో వండి, కుట్టి, అల్లి అమ్ముకునేవాళ్ళం అందరం ఒకచోట కూర్చుని అమ్ముకుంటాం అని అడగడానికి పోయాం. దరఖాస్తు మీద ముప్పై ఏడు పేర్లు. అందులో ఇరవై తొమ్మిది ఆడవాళ్ళవి. మేం పరదా అవతల చాప మీద, కమిటీ బుజుర్గులు ఇవతల కుర్చీల మీద. దరఖాస్తు సగం కూడా చదవలేదు, ఒక పెద్దాయన అందుకున్నారు: "హమారే ఔరతాఁ అబ్ బజార్ మే బైఠేంగే క్యా?"

మన ఆడవాళ్ళు ఇక బజార్లో కూర్చుంటారా అని. అంతే, మీటింగ్ ఖతం. ఆ తర్వాత చాయ్ వచ్చింది, లుఖ్మీలు వచ్చాయి. బాగున్నాయి, బాగున్నాయి అనుకుంటూ అందరూ తిన్నారు. ఆ లుఖ్మీలు చేసింది మా దరఖాస్తులో ఆరో పేరున్న ఆపా. ఆవిడ దగ్గర హోటల్ వాళ్ళు ఒక్కోటి ఆరు రూపాయలకు కొంటారు. మీటింగ్ బిల్లులో పన్నెండు రూపాయలు పడింది. నా పక్కనే చాప మీద కూర్చుని ఉంది ఆవిడ. తన చేతి లుఖ్మీ ప్లేట్లో పెట్టి ఇస్తే తినలేదు, నఖాబ్ సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ పెద్దాయన సవాలుకు అక్కడ జవాబు చెప్పే మోకా మాకు ఇవ్వలేదు. ఇక్కడ చెప్తున్నా. చదివి ఆయనకు వినిపించే భాయ్‌లు ఎవరైనా ఉంటే షుక్రియా.

హజ్రత్, మన ఔరతులు బజార్లోనే ఉన్నారు. ఎప్పట్నుంచో ఉన్నారు. నిజామాబాద్ జిల్లాలో గరీబు ముస్లిం ఇళ్ళ గల్లీల్లోకి మధ్యాహ్నం నడిచి రండి. గడప లోపల చాట ఒళ్ళో పెట్టుకుని, కత్తెరతో తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే చేతులు కనపడతాయి. మా ఫుప్పీ నలభై ఏళ్ళు చుట్టింది. పొద్దున ఫజర్ నుంచి ఇషా దాకా, వంటకూ నమాజ్‌కూ లేచినప్పుడు తప్ప, ఆ చాట ఆవిడ ఒళ్ళోంచి దిగలేదు. ఆ బీడీ ఎక్కడికి పోయింది? మస్జిద్‌కు పోలేదు కదా. ఏ ఊరి పాన్ డబ్బాలోనో, ఎవరి జేబులోనో తేలింది. ఫుప్పీ చేతి పని దేశమంతా తిరిగింది, ఫుప్పీ మాత్రం గడప దాటలేదు. ఇది ఇజ్జత్ అన్నారు. సట్టేదారు కట్టలు లెక్కపెట్టి, ఇది వంకర, ఇది బోలు అని పక్కకు పడేసి, మిగిలిన వాటికే పైసలు ఇచ్చేవాడు. పక్కకు పడేసినవి కూడా వాడే తీసుకుపోయేవాడు. గడప దగ్గర నిలబడి గొంతెత్తి అడగడానికి ఫుప్పీకి పరదా అడ్డం వచ్చింది. వాడికి మాత్రం ఏదీ అడ్డం రాలేదు.

మాల్ బజార్‌కు పోవచ్చు, మాల్ చేసిన మనిషి పోకూడదు. దీన్ని మీరు హయా అంటున్నారు. నేను లెక్క వేసి చూస్తే ఇది ఒక్కో లుఖ్మీకి ఆరు రూపాయల నష్టం.

ఎవరో హజ్రత్ ఖదీజా (రజి.) పేరు తీస్తే ఇంకో సాహెబ్ వెంటనే అన్నారట: "ఆమె వ్యాపారం చేసింది నిజమే, కానీ బజార్లో కూర్చోలేదు, మనుషులను పెట్టి చేయించింది" అని. మంచి మాట. అయితే ఆమె మాల్ షామ్‌కు తీసుకుపోయిన మనిషి ఎవరో కూడా చెప్పండి. మక్కా అంతా అల్-అమీన్ అని పిలిచిన మనిషి. లాభం దాచకుండా తెచ్చి చేతిలో పెట్టిన మనిషి. మా ఆపాలకు దొరికింది ఆరుకు కొని పన్నెండుకు అమ్మేవాడు. అంత అమానత్ ఉన్న ఏజెంట్‌ను కమిటీ తరఫున మీరు పెట్టిస్తానంటే చెప్పండి, మేం హాలు అడగం, ఇళ్ళల్లోనే కూర్చుంటాం.

రెండో మాట అన్నది ఇంకొక బుజుర్గ్. ఆయన మంచి మనిషి, గుస్సా చేసుకోవాలని లేదు. "ఇవన్నీ ఎందుకమ్మా, ఫ్యాక్టరీ తెరుస్తున్నారు కదా, కొన్నాళ్ళు సబర్ చేయండి" అన్నారు.

ఇది బోధన్. మా ఊరి కథ తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తా. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువల్లో నీళ్ళు వచ్చాయి, నీళ్ళ వెనక చెరకు వచ్చింది, చెరకు వెనక 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ లేచిన కాలనీకి షక్కర్‌నగర్ అని పేరు. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మా నానా చెప్పుకునేవారు, వినేవాళ్ళు లేకపోతే గోడకైనా చెప్పుకునేవారు. తర్వాత 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 49 శాతం సర్కారు దగ్గర ఉండిపోయింది. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ అన్నారు. మా ఒక్క బోధనే కాదు, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ వైపు ముంబోజిపల్లి, మూడూ ఆగాయి. 2019లో లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది. 2024లో కొత్త సర్కారు మళ్ళీ తెరిపించడానికి ఒక కమిటీ వేసింది. ప్రతి ఎలక్షన్‌లో మా ఊరికి వచ్చిన ప్రతి లీడరూ చక్కెర లాంటి మాట చెప్పి పోయాడు. చెరకు వేసిన రైతు వరికి పోయాడు. ఫ్యాక్టరీ సైరన్ పట్టుకుని ఇఫ్తార్ టైమ్ చెప్పుకున్న ఊరు ఇప్పుడు ఫోన్‌లో చూసుకుంటోంది.

తెరవనీ, అల్లా కరే తెరవాలి. ఫ్యాక్టరీ ఇచ్చిన ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, క్వార్టర్, నెల జీతం — ఒక టేబుల్ మీద నాలుగు డబ్బాలు పెట్టుకుని అమ్మే బజార్ అవి ఇవ్వదు. ఇస్తుందని నేను అంటే మీరు నవ్వాలి. ఫ్యాక్టరీకి బదులు బజార్ అని ఎవడైనా సర్కారు మనిషి చెప్తే వాడి మాట నమ్మకండి, వాడు జిమ్మేదారీ దులిపేసుకుంటున్నాడు.

కానీ సబర్ అనే మాటను ఎక్కడ వాడుతున్నామో చూసుకోవాలి. 2015లో పదో తరగతిలో ఉన్న మా మొహల్లా పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఎంత సబర్ చేయాలి ఆ పిల్ల? అదీగాక, ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మాత్రం మన ఆడవాళ్ళకు ఏం వచ్చిందని? జీతం మర్దులకు వచ్చింది. ఔరతులు అప్పుడూ బీడీలే చుట్టారు. ఊరంతా ఒక్క పొయ్యి మీద వండుకుంది, ఆ పొయ్యి ఆరిన రోజు కిరాణావాడి ఉధార్ ఖాతా నుంచి మక్తబ్ మౌల్వీ సాబ్ తన్‌ఖా దాకా అన్నీ చల్లబడ్డాయి. మేం అడుగుతున్నది ముప్పై ఏడు చిన్న పొయ్యిలు. ఒకటి ఆరితే పక్కదాంట్లోంచి నిప్పు తెచ్చుకోవచ్చు.

ఇక మూడో మాట. ఇది మీటింగ్‌లో ఎవరూ పైకి అనలేదు, బయటికొచ్చాక చెప్పుల దగ్గర అన్నారు. "దుకాణాలవాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?"

దుకాణం పెట్టుకుని కిరాయి, కరెంటు బిల్లు, జీఎస్టీ కట్టుకునే చిన్న దుకాణదారు ఈ మాట అంటే నేను కూర్చుని వింటా. ఆయన బాధ సచ్చా. ఆయనకు జవాబు ఉంది: వారానికి ఒక్క రోజు, అందులోనూ ఇంట్లో తయారైన మాలే. మామిడికాయ అచార్, కుట్టిన సల్వార్ సూట్లు, జానమాజ్‌లు, టోపీలు, లుఖ్మీ, ఖుబానీ కా మీఠా, రోటీలు. సబ్బులు, షాంపూలు, కంపెనీ మాల్ ఎవరూ అమ్మరు. కావాలంటే ఆయన కూడా ఆ రోజు ఒక టేబుల్ తీసుకోవచ్చు. కానీ ఆ మాట అన్నది దుకాణదారు కాదు. మల్గీలు కట్టి కిరాయికి ఇచ్చే సాహెబులు. ఒక మల్గీకి పగిడీ అంటే మా ఆపాల్లో ఎవరూ జిందగీలో ఒక్కసారిగా చూడని రకం. పగిడీ లేకుండా, అడ్వాన్సు లేకుండా జనం కూర్చుని అమ్ముకునే జాగా ఒకటి ఊళ్ళో ఉంటే, రేపు మల్గీ కిరాయి పెంచేటప్పుడు కొంచెం ఆలోచించాల్సి వస్తుంది. పొట్ట సంగతి కాదు ఇది.

మదీనాకు హిజ్రత్ చేసి వచ్చాక హుజూర్ (స.అ.స.) మస్జిద్‌తో పాటు బజార్‌కు కూడా జాగా చూశారని సీరత్‌లో చదువుకున్నాం. ఆ బజార్లో పన్ను వేయవద్దన్నారని, ఎవరూ పక్కా కట్టడం లేపి జాగాను తమది చేసుకోకుండా చూశారని రివాయతులు ఉన్నాయి. మస్జిద్‌లో సఫ్ ఎట్లానో బజార్లో జాగా అట్లా అన్నమాట. పొద్దున ముందొచ్చి కూర్చున్నవాళ్ళది ఆ రోజుకు ఆ జాగా. రేపు మళ్ళీ ముందొచ్చినవాళ్ళది. మొదటి సఫ్‌లో నా తాత నిలబడ్డాడు కాబట్టి ఆ జాగా నాది అని ఏ మస్జిద్‌లోనైనా ఎవరైనా అంటే చెవి పట్టి బయటికి పంపిస్తాం కదా. బజార్లో అదే మాటను పగిడీ అని ముద్దుపేరు పెట్టి పిలుచుకుంటున్నాం. దీన్ గురించి గంట బయాన్ విన్నాక కూడా ఈ ముక్క మనకు ఎందుకో గుర్తుకు రాదు.

సర్కారు సంగతి కూడా చెప్పుకోవాలి. కమిటీని ఒక్కదాన్నే తిడితే బేఇన్సాఫీ అవుతుంది.

2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి ఊళ్ళో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళు వాళ్ళలోంచే ఎన్నుకోబడాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, దివ్యాంగులకు తగిన చోటు ఇవ్వాలి అని కూడా రాసి ఉంది. అయిదేళ్ళకోసారి సర్వే చేయాలి. సర్వే అయ్యి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా అమ్ముకునేవాళ్ళను లేపగూడదు. ఇంత మంచి ఖానూన్ ఉంది. తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్మే మన రషీద్‌లను, యాదగిరిలను పదిమందిని నిలబెట్టి అడగండి, మీ టౌన్ వెండింగ్ కమిటీలో మీ తరఫున ఎవరున్నారు అని. పేరు చెప్పినవాడు ఉంటే నాకు ఫోన్ చేయండి. వాళ్ళకు తెలిసిన సర్కారు ఒక్కటే: తైబజార్ చిట్టీ పుస్తకం పట్టుకుని వచ్చే మనిషి. తెలంగాణలో చాలా చిన్న ఊళ్ళల్లో అంగడి జాగా మీద వసూలు హక్కును వేలం వేస్తారు. వేలం పాడినవాడు పాడిన పైసలు రాబట్టుకోవాలి కాబట్టి తట్టకు ఇంత, బండికి ఇంత, మూటకు ఇంత అని గుంజుతాడు. చిట్టీ మీద రాసిన అంకె వేరు, చేతిలోంచి తీసుకునే నోటు వేరు. కొత్తిమీర కట్టలు నాలుగు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ దగ్గర కూడా.

కరోనా వచ్చిన ఏడాది, 2020లో, వీధి వ్యాపారులకు 10,000 రూపాయల లోన్ స్కీమ్ వచ్చింది. కొందరికి దొరికింది, మంచిదే, తిరిగి కట్టి రెండో లోన్ తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ చాలామంది ఇంకా గిరిగిరి పైసల మీదే నడుస్తున్నారు. గిరిగిరి అంటే ఈ బ్లాగు చదివే అమెరికా భాయ్‌లకు తెలియకపోవచ్చు. చేతికి తొమ్మిది వేలు ఇస్తాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పది వేలు అవుతుంది. వెయ్యే కదా అనిపిస్తుంది. మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతూ ఉంటుంది కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి. ఏడాదికి లెక్క వేసుకోండి, 80 శాతం దాటుతుంది. సూద్ హరామ్ అని జుమా ఖుత్బాలో వింటాం, బయటికి వచ్చేసరికి గేటు దగ్గర గిరిగిరి పిలగాడు బైక్ మీద కూర్చుని ఉంటాడు, మన వాళ్ళే వందలు తీసి ఇస్తారు. మస్జిద్ బైతుల్‌మాల్‌లో పడి ఉన్న పైసలతో ముప్పై మందికి అయిదేసి వేలు కర్జ్-ఎ-హసనా ఇస్తే ఎంతవుతుంది? లక్షా యాభై వేలు. పోయిన సాలు కొత్త ఝూమర్లకు, ఏసీలకు ఎంత చందా వసూలు చేశామో అందరికీ యాదుంది. ఏసీ వద్దని అనను, మే నెలలో జొహర్ చదివినదాన్నే. లక్షా యాభై పెద్ద రఖమ్ కాదని మాత్రమే అంటున్నా.

ఇప్పుడు నౌజవాన్లతో ఒక మాట. మీటింగ్ సంగతి వాట్సాప్‌లో తిరిగాక కుర్రవాళ్ళు గరం అయ్యారు. సంతోషం. కానీ ఒక గ్రూపులో చూశా: "బజార్ పెడదాం, కానీ సిర్ఫ్ హమారే లోగాఁ. అమ్మేది మనవాళ్ళే, కొనేది మనవాళ్ళే." దానికి నలభై రెండు గుండె బొమ్మలు.

లేదు బేటా. ఈ పని కోసం అయితే నా పేరు దరఖాస్తులోంచి తీసేయండి.

2022లో కర్ణాటకలో ఏమైందో మీరే నాకు వీడియోలు పంపారు. గుళ్ళ దగ్గర జాతరల్లో మన వాళ్ళను దుకాణాలు పెట్టనివ్వొద్దని బ్యానర్లు కట్టారు. ఏళ్ళ తరబడి అదే జాతరలో గాజులు, బొమ్మలు, మిఠాయిలు అమ్మినవాళ్ళు మూటలు కట్టుకుని తిరిగి పోయారు. మీరు ఆ వీడియో పెట్టి ఏడుపు బొమ్మలు పెట్టారు. ఇప్పుడు మన షాదీఖానా గేటుకు అదే బ్యానర్ పచ్చరంగులో కడతారా? మన మొహల్లాలో ఎవరికైనా ఉల్లిగడ్డ ఎవరు తెచ్చారు, చేపలు ఎవరు తెచ్చారు, కుండలు ఎవరు తెచ్చారు? ముప్పై ఏడు పేర్లలో నాలుగు పేర్లు లక్ష్మి, సాయమ్మ, ఇంకో ఇద్దరు. వాళ్ళూ బీడీల చాట పట్టినవాళ్ళే, సట్టేదారు వాళ్ళ కట్టలూ తీసి పక్కన పడేసినవాడే. ఫుప్పీకి ఒంట్లో బాగోలేనప్పుడు ఆవిడ వాటా బీడీలు చుట్టి లెక్క సరిచేసింది సాయమ్మ. ఇక బిజినెస్ మాటే చెప్పాలంటే, మన ఖుబానీ కా మీఠా కోసం రంజాన్‌లో ఎవరు లైన్ కడతారో, హలీమ్ గిన్నెల ముందు ఎవరు నిలబడతారో వెళ్ళి చూడండి. సగం గిరాకీని గేటు బయట నిలబెట్టి దాన్ని గైరత్ అనడం, పిచ్చి కాకపోతే ఏంటి?

ఇంకొక మాట చెప్పి తీరాలి, ఇది చదివే మీ గురించే. ఇంట్లో పెళ్ళి అంటే బోధన్ నుంచి బండి కట్టుకుని నిజామాబాద్, అదీ చాలదని హైదరాబాద్ పోతాం. పత్తర్‌గట్టీలో బట్టలు, లాడ్ బజార్‌లో చూడియాఁ. అక్కడ ఏసీ దుకాణంలో వాడు చెప్పిన రేటుకు తల ఊపి, పైన ఒక కూల్‌డ్రింక్ తాగించాడని ఖుష్ అయి వస్తాం. అదే పక్క గల్లీలో మిషన్ మీద రాత్రి రెండింటి దాకా కూర్చుని ఖడా దుపట్టాకు గోటా కుట్టిన పిల్లతో ముప్పై రూపాయల కోసం గంట బేరం. "అపనీ హీ బచ్చీ హై" అంటూ. మన పిల్ల కాబట్టి తక్కువ తీసుకోవాలట. ఇది నేనూ చేశాను, కసమ్ తిని చెప్పలేను చేయలేదని. మా చిన్న చెల్లి పెళ్ళికి చేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. ముప్పై తగ్గించి, దారం డబ్బులు పోయాయని తర్వాత వాళ్ళ అమ్మతో చెప్పుకుందట. ఒకచోట పది మంది కుట్టేవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే, ఒకరి రేటు ఇంకొకరికి వినపడుతుంది. నా లాంటి అక్కలు గంట బేరం చేయడానికి జంకుతారు. బజార్ అంటే అది కూడా.

హాలు పాడవుతుంది అన్నారు కదా, ఆ ముక్కకు కూడా లెక్క రాసుకుని పోయాం, వినలేదు. నలభై టేబుళ్ళు. టేబుల్‌కు రోజుకు ఇరవై రూపాయలు. ఎనిమిది వందలు. ఊడ్చేవాళ్ళకు మూడు వందలు, కరెంటుకు రెండు వందలు, మిగిలిన మూడు వందలు హాలు మరమ్మత్తు డబ్బాలో. టేబుళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుంటాం. ఏ టేబులూ ఎవరి పేరు మీదా రాయం, వరస వారం వారం మారుతుంది, గేటు దగ్గరి జాగా ఎవరికీ జాగీరు కాదు. తక్కెడ ముద్ర వేయించిందే ఉండాలి. తిండి సామాను అమ్మేవాళ్ళు ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. చిన్నవాళ్ళకు ఫీజు ఏడాదికి వంద రూపాయలే, మీసేవలో నేనే కూర్చుని అయిదుగురికి చేయించాను. ఉధార్ లేదు. ఇది ఫుప్పీ పెట్టిన షరతు. "రిష్తేదార్లు వచ్చి తీసుకుపోయి పైసలివ్వరు, ముందే బోర్డు రాసి పెట్టండి" అంది. అజాన్ అయితే అమ్మకం ఆపుతాం. పరదా కావాలన్న ఆపాలకు లోపలి వరస, అక్కడ కొనేవాళ్ళు కూడా ఆడవాళ్ళే. వద్దన్నవాళ్ళకు బయటి వరస. ఎవరి హయా వాళ్ళకు తెలుసు, కమిటీ కొలిచి ఇవ్వాల్సిన పనిలేదు.

దీనికి కమిటీ నుంచి రాతపూర్వకంగా వచ్చిన జవాబు ఒక్క లైను. పెళ్ళికి తీసుకునే కిరాయే కడితే హాలు ఇవ్వడానికి అభ్యంతరం లేదు అని. అంటే ఇజ్జత్ సవాలు కిరాయి కట్టగానే ఖతం అవుతుందన్నమాట! పూరా కిరాయి కడితే మన ఔరతులు బజార్లో కూర్చోవచ్చు, ఇరవై రూపాయల టేబుల్‌కు అయితే కూర్చోకూడదు. ఆ కాగితం నేను దాచిపెట్టా. కౌమ్ చందాతో కట్టిన హాలు అది. మా నానా లాంటివాళ్ళు ఫ్యాక్టరీ జీతంలోంచి ఇచ్చిన చందా, ఫుప్పీ లాంటివాళ్ళు బీడీ పైసల్లోంచి చీర కొంగుకు కట్టి దాచి ఇచ్చిన చందా. రసీదులు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి. మొహర్రంలో ఆ హాల్లో పెళ్ళిళ్ళు ఉండవు, రంజాన్‌లో ఉండవు, మిగతా నెలల్లోనూ సోమవారం, మంగళవారం తాళమే. లోపల పావురాలు కిరాయి లేకుండానే ఉంటున్నాయి.

వచ్చే జుమా నమాజ్ తర్వాత మళ్ళీ పోతున్నాం. దరఖాస్తులో ఇప్పుడు యాభై రెండు పేర్లున్నాయి. కొత్త పేర్లలో ఇద్దరు కమిటీ మెంబర్ల ఇళ్ళ కోడళ్ళు, పేర్లు చెప్పను. ఈసారి పరదా అవతల కాదు, పరదా పక్కన కుర్చీలు వేయించండి అని ముందే కబురు పెట్టాం. సంతకం చేయాలనుకునేవాళ్ళు గురువారం అసర్ లోపు మా ఇంటికి రావచ్చు. చదువు రాని అమ్మీలు వేలిముద్ర వేయవచ్చు, ఇంక్ ప్యాడ్ కొని పెట్టా.

లుఖ్మీ ఆపా కూడా వస్తానంది. చాయ్‌తో ఏం పెట్టాలో కమిటీవాళ్ళు హోటల్‌కు చెప్పాల్సిన పనిలేదట, తనే తెస్తుందట. తొమ్మిది రూపాయలు, నగదు.